కంకిపాడు పెళ్ళిలో నా సగం నవ్వు

విజయవాడలో క్యాటరింగ్ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీరు చేరింది మా కంపెనీలోనే అయితే, గవర్నర్‌పేట ఆఫీసు మేడ మీద శిక్షణ హాల్లో ఒక పెద్ద ఫ్లెక్సీ చూసే ఉంటారు. జోరు వానలో ఒకాయన ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాడు. వెనకాల షామియానా కూలిపోయి ఉంటుంది. ఆయన మాత్రం నవ్వుతూ ఉంటాడు. కింద పెద్ద అక్షరాలతో "ఒత్తిడిలో చిరునవ్వే నాయకత్వ స్థైర్యం" అని ఉంటుంది.

ఆ ఒకాయన నేనే. ఆఫీసులో నన్ను రావుగారంటారు. ఈసారి కాస్త దగ్గరికి వెళ్ళి చూడండి. నవ్వు ఎడమ వైపే ఉంటుంది. కుడి వైపు మొహానికి ఆ సంగతే తెలియనట్టుంటుంది.

నాకిప్పుడు యాభై రెండు. ఈ పనిలో రోజంతా నిలబడాలి. ముందు నా మోకాళ్ళు రిటైరయ్యాయి, వాటి వెనకే నేనూ అయ్యాను. వెళ్ళేముందు ఆ ఫ్లెక్సీ గురించి నిజం చెప్పాలనుకున్నాను. అది అనుకున్నంత తేలిగ్గా జరగలేదు.

అరుపే అజమాయిషీ అనుకున్న రోజులు

నేను పని నేర్చుకున్నది గవర్నర్‌పేటలోనే, ఒక లాడ్జి భోజనశాలలో. అక్కడి మేనేజరు గారు పొద్దున కుళాయి తిప్పినట్టు నోరు తెరిచేవారు, షట్టరు దించేటప్పుడు దాంతోపాటే మూసేవారు. ఆయన అరవని రోజు వంటవాళ్ళు కంగారుపడి, "ఒంట్లో బాగుందాండీ" అని అడిగి వెళ్ళేవారు. మనిషి మంచివాడే. జీతాలు ఆపేవాడు కాదు. కానీ పనంటే అరవడమేనని నాకు నేర్పింది ఆయనే.

క్యాటరింగ్‌లో మేనేజర్నయ్యాక ఆ చదువంతా వాడాను. ఉయ్యూరులో ఒక పెళ్ళి. పెళ్ళికొడుకు తండ్రి విస్తట్లో ఆవకాయ పడలేదు. నేను బంతి ఈ చివర నుంచి "ఆవకాయ ఏదయ్యా" అని అరిచాను. ఆయన పక్కనే పెరుగు వడ్డిస్తున్నతను ఉలిక్కిపడి గరిటెడు పెరుగు ఆయన భుజం మీద పోశాడు. అది చూసి ఇంకా గట్టిగా అరిచాను. ఈసారి రసం బకెట్టు పట్టుకున్నతను ఉలిక్కిపడ్డాడు. పెద్దాయన కండువాతో తుడుచుకుంటూ, "ఏవండీ, మీకు దణ్ణం పెడతాను, ఇంకో మాట అనకండి. సాంబారు కూడా ఇటే వస్తోంది" అన్నారు.

అప్పుడైనా నాకు అర్థం కావాలి. కాలేదు. వడ్డనవాళ్ళ చేతులు వణుకుతున్నాయని, ఆ రోజు సాయంత్రం వాళ్ళందర్నీ నిలబెట్టి మళ్ళీ అరిచాను.

పన్ను

కంకిపాడు పెళ్ళి రోజు పొద్దున నాకు జ్ఞానదంతం నొప్పి. మొహం కుంపటిలా ఉంది. గవర్నర్‌పేటలో పళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఇంజెక్షన్ చేసి, పన్ను పీకి, నోట్లో ఇంత దూది కుక్కి, "గట్టిగా కొరికి పట్టుకోండి, మాట్లాడకండి" అన్నాడు. అక్కడి నుంచి తిన్నగా కంకిపాడు వెళ్ళేసరికి కుడి వైపు మొహం నాది కాకుండా పోయింది. పెదవి ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాల్సి వచ్చింది. ఒక్కోసారి మత్తు అలా పక్కకి పాకుతుందని డాక్టరు తర్వాత చెప్పాడు. ముందే చెప్పి ఉంటే నా జీవితం వేరేలా ఉండేది.

ఆ రోజు వడ్డన బాధ్యత ఎస్తేరు గారిది. ఆవిడ మా కంపెనీలో సూపర్‌వైజరు. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకుని వచ్చారు. ఆదివారం పెళ్ళి పడితే పొద్దున్నే చర్చిలో మొదటి ఆరాధనకి వెళ్ళి, అటు నుంచి అటే వంటశాలకి వచ్చేవారు. ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. అది ఆవిడలో లోపమని నేను చైర్మన్‌గారితో కూడా అన్నాను.

పెళ్ళి రైసుమిల్లు పక్క ఖాళీ స్థలంలో. ముహూర్తం అయిపోయింది. భోజనాలకి లేవబోతుండగా గాలి మొదలైంది, వెనకే వాన. వంటశాల మీద షామియానా కూలి పొయ్యిల మీద పడింది. అన్నం గుండిగలో సగం ఉడికి ఆగిపోయింది. కూరల్లోకి నీళ్ళు. వ్యానులో భద్రంగా మిగిలినవి రెండే, పొద్దున చేసిన పూర్ణం బూరెలూ నెయ్యి డబ్బాలూ. ఈలోగా మగపెళ్ళివారు పరిగెత్తుకుంటూ వెళ్ళి మిల్లు షెడ్డులో వరసగా కూర్చున్నారు. ఎవరో విస్తళ్ళు కూడా వేసేశారు.

మన పెళ్ళిళ్ళలో విస్తరి వేశాక వడ్డన ఆగకూడదు. ఆగితే మగపెళ్ళివారు లేస్తారు. అలా లేచినవాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టడం సంబంధం మళ్ళీ కుదిర్చినంత పని.

నేను అరవబోయాను. షామియానా ఎత్తమని, అన్నం దించమని, వ్యాను తిప్పమని, మూడూ ఒకేసారి. బయటికి వచ్చింది గాలి, దాంతోపాటు కాస్త లాలాజలం. పనిచేసే ఎడమ సగం మాత్రం బలం కొద్దీ పైకి లేచింది. కాగితం రుమాలు మీద రాసిచ్చాను. వానకి అది ముద్దయిపోయింది. తల తిరిగి, దొరికిన కుర్చీలో కాలు మీద కాలు పడేలా కూలబడ్డాను. సరిగ్గా అప్పుడే పెళ్ళి ఫొటోగ్రాఫరు అటు వెళుతూ ఒక ఫొటో తీశాడు.

ఎస్తేరు గారు నా దగ్గరికి వచ్చారు. "సార్, ఏం చేద్దాం?"

నేను నా శక్తంతా పెట్టి అరిచాను. ఎడమ చెంప ఎగిరింది.

ఆవిడ ఒక్క క్షణం చూసి, "సరే సార్, మీరు కూర్చోండి. మేం చూసుకుంటాం" అని వెళ్ళిపోయారు.

బూరెల పందెం

వంట మేస్త్రితో పొయ్యిలు మిల్లు వరండాలోకి మార్చమని చెప్పి, ఆవిడ తిన్నగా పెళ్ళికొడుకు మేనమామ దగ్గరికి వెళ్ళారు. భారీ మనిషి, బంతికి పెద్ద. అప్పటికే ఒక మోకాలు ఎత్తి లేవడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఏవండీ, ఆడపెళ్ళివారు ఒక మాటన్నారు. మీకు చెప్పొచ్చో లేదో తెలీట్లేదు" అన్నారు ఎస్తేరు గారు.

"చెప్పమ్మా."

"వద్దులెండి, బాగుండదు."

"చెప్పమంటున్నానా."

"మీవాళ్ళు పట్నం మనుషులంట కదండీ. బూరెలు తినలేరంట. రెండోదానికే చెయ్యి కడిగేసుకుంటారని నవ్వుకుంటున్నారు."

మేనమామ ఎత్తిన మోకాలు దించాడు. "ఎవరన్నారా మాట?"

"ఎవరైతే ఏంటిలెండి."

"నెయ్యి తెప్పించు."

ఆవిడ అటు నుంచి ఆడపెళ్ళివారి వైపు వెళ్ళి అదే మాట తిప్పి చెప్పారు. డెల్టా నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు ఆ మాట వింటే ఊరుకుంటారా. షెడ్డులో ఇటొక వరస, అటొక వరస ఎదురెదురుగా కూర్చున్నారు. బూరెకి వేలితో చిల్లి పెట్టడం, అందులో నెయ్యి పోయించుకోవడం, మింగడం. పురోహితుడు గారు లెక్క చూస్తానని నిలబడి, ఆగలేక తనూ కూర్చున్నారు. పెళ్ళికూతురి పెదనాన్న, "ఒరే, డాక్టరు తీపి వద్దన్నాడని ఎవరైనా నోరు విప్పారో, రేపు అప్పగింతలకి వాడే మగపెళ్ళివారితో వెళ్ళాలి" అని హెచ్చరించాడు. మగపెళ్ళివారి వైపు ఒక మామ్మగారు అందర్నీ మించిపోయారు. ఎవరూ ఆవిణ్ణి పోటీలో చేర్చుకోలేదు, ఆవిడే చేరిపోయింది.

వరండాలో పొయ్యిలు వెలిగి, అన్నం ఉడికి, సాంబారు కాగి వచ్చేసరికి తినేవాడు లేడు. పెరుగన్నం ఒక్క ముద్ద నోట్లో వేసుకుని మేనమామ, "చాలు తల్లీ, ఇంక లేవలేం" అన్నాడు. అలిగి లేస్తాడనుకున్న మనిషిని చివరికి ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది.

ఇదంతా నేను కుర్చీలోంచి చూశాను. నా వాళ్ళు అంత బాగా పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎవరి భుజం మీదా పెరుగు పడలేదు. ఆ తర్వాత ఇంకొకటి జరిగింది. అది చివర్లో చెబుతాను. దానికి నేను ఇంకా కాస్త గుండె చిక్కబట్టుకోవాలి.

కథ పెరిగిన తీరు

పెళ్ళికూతురి తండ్రి మా చైర్మన్ ప్రసాదరావు గారికి ఫోన్ చేసి తెగ పొగిడారు. ఫొటో కూడా పంపారు. ప్రసాదరావు గారిది కంకిపాడు దగ్గర వ్యవసాయ కుటుంబం. రైసుమిల్లు నుంచి ఈ వ్యాపారంలోకి వచ్చారు. పెళ్ళిళ్ళ దగ్గరికి రారు, వేడి పడదు. ఆయన ఫొటో చూసి, "ఇదండీ నాయకత్వమంటే. ఆకాశం విరిగి పడుతుంటే నవ్వుతున్నాడు చూడండి" అన్నారు. ఎదురుగా నేనున్నాను. నోరప్పటికి బాగైపోయింది. చక్కగా మాట వస్తుంది. నేను మాట్లాడలేదు.

ఆ ఏడే హైదరాబాదు నుంచి ఒక శిక్షణ సంస్థవాళ్ళు వచ్చి, మా వాళ్ళకి స్థైర్యం నేర్పాలన్నారు. పడినా లేచి నిలబడే గుణం, కష్టంలో చెదరని మనసు, ఇలా ఏవేవో తెరమీద చూపించారు. ఉదాహరణ కావాలన్నారు. ఉదాహరణ ఆఫీసులోనే జీతం తీసుకుంటోంది. ఫ్లెక్సీ వేశారు. నెలకోసారి కొత్తవాళ్ళకి క్లాసు చెప్పమన్నారు.

క్లాసులో ఊరికే కూర్చున్నానంటే కథ నిలబడదు. నేను ధైర్యంగా ఉన్నానని తెలియాలంటే పక్కన ఇంకొకరు భయపడాలి. మొదటిసారి, "ఒక సూపర్‌వైజరు కాస్త కంగారుపడ్డారు" అన్నాను. మరుసటి నెల ఆవిడ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆ పై ఏడాదికి ఏడ్చింది. నేను "అమ్మా, ఊపిరి పీల్చుకో" అని ఓదార్చాను. బూరెల ఆలోచన కూడా మెల్లగా నా కుర్చీ వైపు జరిగింది. పేరు చెప్పేవాణ్ణి కాదు. చెప్పాల్సిన పనేముంది, కంపెనీలో ఆడ సూపర్‌వైజరు ఆవిడొక్కరే.

ఆవిడ ఆ హాల్లోనే వెనక వరసలో కూర్చునేవారు.

నా శిష్యులు స్థైర్యం బాగానే పట్టారు. అంటే నవ్వు పట్టారు. గుడివాడ పెళ్ళిలో గ్యాసు అయిపోతే, మా సూపర్‌వైజర్లు ముగ్గురు వరసగా నిలబడి ఎడమ వైపు నవ్వారట. పెళ్ళికూతురి బామ్మగారు వాళ్ళని మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "అయ్యో నాయనా, ముగ్గురికీ ఒకేసారి వచ్చిందా" అని డాక్టర్ని పిలిపించబోయిందట. గ్యాసు సంగతి ఎవరూ చూడలేదు.

నిజం చెబితే

నేను మానేస్తున్నానని చెప్పిన రోజు, నా కుర్చీ ఎవరికివ్వాలన్న మాట వచ్చింది. పనిలో, చదువులో, వయసులో ఏ రకంగా చూసినా ఎస్తేరు గారికే రావాలి. నేను ఆ మాటే అన్నాను.

చైర్మన్‌గారు నొచ్చుకున్నట్టు చూశారు. "ఎస్తేరమ్మ మంచిదే రావుగారూ. కానీ కంగారు మనిషి కదా. కంకిపాడులో ఏడ్చిందని మీరే ఎన్నిసార్లు చెప్పలేదు? హైదరాబాదు నుంచి ఎవర్నన్నా తెద్దాంలెండి."

ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేశాను, పన్నుతో సహా.

ఆయన లేచి వచ్చి నా భుజం తట్టారు. "వెళ్ళిపోతూ కూడా కింది మనిషికి పేరు రావాలని చూస్తున్నారు. మీ మనసు ఎవరికుంటుందండీ."

ఆ నెల క్లాసులో కూడా నిజమే చెప్పాను. కొత్తవాళ్ళు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకమ్మాయి "వినయం" అని రాసుకోవడం చూశాను.

చివరికి ఎస్తేరు గారి దగ్గరికి వెళ్ళాను. స్టోరు గదిలో బకెట్లు సరిచూసుకుంటున్నారు. క్షమించమన్నాను. ఆవిడ చేతిలో బకెట్టు దించలేదు.

"మొదటి ఏడాది కోపం వచ్చింది సార్. మా ఆయనకి చెప్పి ఏడ్చాను కూడా. అంటే మీరు చెప్పిన ఏడుపు అప్పుడు నిజమైంది. తరవాత అలవాటైపోయింది. ఏడుపు భాగం రాగానే టీకి వెళ్ళొచ్చేదాన్ని."

"నా పన్ను సంగతి మీకు అప్పుడే తెలుసా?"

"నోట్లోంచి దూది కనపడుతుంటే తెలీదా సార్."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"ఫ్లెక్సీతో వాదించమంటారా?" అని నవ్వారు. "నాకు ఆ సీటు కావాలి సార్. ఇంతకాలం పనిచేసింది అందుకే. కానీ మీరెన్ని చెప్పినా చైర్మన్‌గారు నమ్మరు. ఆయన మీ నోరు ఎప్పుడూ వినలేదు కదా, ఫొటో ఒక్కటే చూశారు. ఆదివారం భవానీపురం పెళ్ళికి ఎట్టాగన్నా ఆయన్ని తీసుకురండి."

"తీసుకొచ్చి?"

"ఏం లేదు. మీరు మీలా ఉండండి."

భవానీపురం

నేను చేయించే చివరి పెళ్ళి, మీరు రావాలని నేనంటే చైర్మన్‌గారు కాదనలేకపోయారు. ఆ కల్యాణ మండపంలో వంట కింద, భోజనాలు మేడ మీద. గుండిగలు ఎక్కడానికి ఒక చిన్న లిఫ్టు ఉంది. తెల్ల చొక్కాలో చైర్మన్‌గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

సిగ్గుపడుతూనే ఒక మాట చెప్పాలి. నేను నాలా ఉండలేకపోయాను. ఆయన చూస్తున్నారనేసరికి మళ్ళీ ఫ్లెక్సీలో మనిషిలా ఉండాలనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని, మంద్రంగా, "ఏం నాయనా, అంతా సవ్యమేనా" అంటూ తిరిగాను. వడ్డనవాళ్ళు భయపడ్డారు. ఒకతను మేస్త్రిని "సారుకేమైంది" అని అడగడం వినపడింది. ఎస్తేరు గారు నన్ను చూసి తల పట్టుకున్నారు.

పైన మగపెళ్ళివారు కూర్చున్నారు. విస్తళ్ళు పడ్డాయి. అన్నం, పప్పు, కూరలు, సాంబారు అన్నీ ఎక్కించిన లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది.

ఆ తర్వాత నా ప్రయత్నం ఏమీ లేదు. అంతా దానంతటదే జరిగింది. లిఫ్టు తియ్యమన్నాను, దాన్ని ముట్టుకోవద్దన్నాను, అందరూ పైకి పొమ్మన్నాను, పైనున్నవాళ్ళని కిందికి రమ్మన్నాను. మెట్ల మధ్యలో రెండు గుంపులూ కొట్టుకున్నాయి. మజ్జిగ బకెట్టు ఒకటి తనంతట తానే మెట్లు దిగి వచ్చింది. మేస్త్రి చేతిలో గరిటె జారింది. "ఆ గుమ్మానికి అడ్డంగా కొయ్యలా నిలబడ్డదెవరయ్యా? పని లేకపోతే ఆ బకెట్టన్నా పట్టుకో" అని అరిచాను.

చైర్మన్‌గారు బకెట్టు పట్టుకున్నారు.

అప్పుడు ఎస్తేరు గారు వచ్చారు. బూరెల పళ్ళెంలోంచి పెద్దది చూసి తీసి, తెరిచి ఉన్న నా నోట్లో పెట్టేశారు. "నమలండి సార్, తొందరేం లేదు."

వేడి బూరె. మాట్లాడే వీలు లేదు, మింగే వీలు అంతకన్నా లేదు. వంటశాల ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఆవిడ మామూలు గొంతుతోనే, "లిఫ్టు తలుపు కిందినుంచి తెరవండి. అందరూ మెట్ల మీద వరసగా నిలబడండి, బకెట్లు చేతులు మారుద్దాం. ఈలోగా పైన బూరెలు తిప్పండి, నెయ్యి దండిగా పొయ్యండి" అన్నారు. వరస నిలబడింది. ఖాళీ బకెట్లు కిందికి, నిండినవి తలా ఒక చెయ్యి మీదుగా పైన బంతిలోకి. వరస మధ్యలో, మా చైర్మన్‌గారు కూడా పప్పు అందుకుని సాంబారు అందిస్తున్నారు. పైన ఎవరికీ ఏమీ తెలియలేదు.

రెండో బంతికి ఆయన నా దగ్గరికి వచ్చారు. చొక్కా మీద సాంబారు మరకలు.

"రావుగారూ, కంకిపాడులో కూడా ఇంతేనా?"

అప్పటికి నోట్లో రెండో బూరె ఉంది. తల ఊపాను.

"అయితే ఆ నవ్వు?"

చెంప మీద వేలు పెట్టి, పన్ను లేని చోటు చూపించాను. ఆయన నన్నూ, మెట్ల వైపూ చూశారు. తర్వాత మెట్ల మీదికి, "ఎస్తేరమ్మా, రేపొకసారి ఆఫీసుకి రామ్మా. రావుగారి కుర్చీ గురించి మాట్లాడాలి" అన్నారు.

"రేపు కంకిపాడులో పెళ్ళుందండీ. ఎల్లుండి వస్తాను" అని పైనుంచి వినపడింది.

క్లాసు

ఎస్తేరు గారు నా కుర్చీలో కూర్చున్నాక నేనడిగిన మొదటి కోరిక ఆ ఫ్లెక్సీ తీసేయమని. తీయలేదు. కింద ఒక లైను మాత్రం చేర్పించారు. ఇప్పుడు ఆ పెద్ద అక్షరాల కింద "పన్ను పీకించుకున్న రోజు" అని కూడా ఉంటుంది. దాంతోపాటు మా కంపెనీ పద్ధతి కూడా ఒకటి మారింది. వడ్డన మొదలయ్యేముందు తొలి బూరె మేనేజరు నోట్లో పెడతారు. అది మర్యాద అని కొత్తవాళ్ళు అనుకుంటారు. మీకు అసలు కారణం తెలియాలని రాశాను.

నెలకోసారి క్లాసు చెప్పడానికి నన్నింకా పిలుస్తున్నారు. స్థైర్యం గురించి నాకు తెలిసింది చాలా కొంచెం. మనం చెదరకుండా ఉండటం ఒక ఎత్తు. మనల్ని చూసి మన మనుషులు చెదరకుండా ఉండటం అసలు పని. నాకు అది ఒక ఇంజెక్షన్ పుణ్యాన ఒక్క పూట వచ్చింది. ఎస్తేరు గారికి రోజూ ఉంది.

క్లాసులో కథంతా చెబుతాను. ఏడుపు భాగం తీసేయలేదు, మనిషిని మార్చానంతే. కంకిపాడులో బంతులన్నీ లేచాక, మత్తు దిగి నొప్పి తెలిసింది. మిల్లు వెనక వడ్ల బస్తాల మధ్య కూర్చుని నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఎస్తేరు గారు రుమాల్లో ఐసుముక్కలు చుట్టి తెచ్చి నా చెంపకి పెట్టి, "ఊపిరి పీల్చుకోండి సార్" అన్నారు. నేను ఇన్నాళ్ళూ నాదని చెప్పుకున్న మాట అదే.

మొన్నటి క్లాసులో ఆవిడ ముందు వరసలో కూర్చున్నారు. ఆ భాగం వచ్చేసరికి తలుపు దగ్గర టీ బల్ల పెట్టి ఉంది. ఆవిడ లేవలేదు.